టోఫు, పల్లీ బటర్, పుల్-అప్ బార్, రన్నింగ్ ట్రాక్: మండలంలో దొరకవు, ఎట్లా చేసుకోవాలి?

బాసర_రన్నర్:
భైంసా వైపు ఒక మండల కేంద్రం మాది. చుట్టూ చేలల్ల సోయానే, యార్డు నిండా సోయా బస్తాలే. టోఫు (సోయాపాలు విరగ్గొట్టి చేసే పనీర్ లాంటిది) మాత్రం ఒక్క దుకాణంలో ఉండదు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ఎండాకాలం దారిలోనే పులుస్తది. నాలుగు సంగతులు కావాలె:

టోఫు ఇంట్లో చేసే పద్ధతి, సరైన కొలతలతో. వే ప్రోటీన్ (పాల విరుగు నీళ్లనుంచి తీసే పొడి) డబ్బా లేకుండా రోజుకు ఇంకో 30 గ్రాముల ప్రోటీన్ ఎక్కడినుంచి. బయట పాతుకునే పుల్-అప్ బార్, అంటే వేలాడి ఒంటిని పైకి లాక్కునే అడ్డ కడ్డీ. నాలుగోది ముఖ్యం: కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు తయారయ్యే పిల్లలు పది మంది దాకా ఉన్నరు, 1600 మీటర్లు కొలిచి ఉరికే జాగ లేదు. హైస్కూల్ గ్రౌండ్ ఉంది కానీ ట్రాక్ లేదు.

తెలిసినవాళ్లు చెప్పుండ్రి.

సోయాపాలు:
టోఫు సంగతి నేను చెబుతా. ముందు గింజ గురించి. యార్డులో కొన్న సోయా వాడొచ్చు, కానీ విత్తనాల సంచిలో మిగిలినవి మాత్రం ముట్టుకోవద్దు. విత్తనాలకు శిలీంధ్రనాశిని పట్టించి ఉంటారు, గులాబీ రంగో ఎరుపో కనబడుతుంది. ఎంత కడిగినా తినడానికి పనికిరావు. ఈ ఏటి పంట అయితే మేలు. రెండు ఎండాకాలాలు గోదాములో మగ్గిన గింజలో పాలూ తక్కువే, గడ్డ కట్టడమూ తక్కువే.

కొలత: ఎండు సోయా 250 గ్రాములు. కడిగి లీటరు నీళ్లలో నానబెట్టండి. ఎండాకాలం 6 గంటలు చాలు, చలికాలం 10. గింజను రెండు బద్దలు చేసి చూడండి, లోపలి వైపు మధ్యలో గుంట లేకుండా సమంగా ఉంటే నానినట్టు. ఎండలు మండే రోజుల్లో రాత్రంతా బయట వదిలేస్తే నురగ కట్టి పులుస్తుంది, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చాలి.

నానిన నీళ్లు పారబోసి, మొత్తం 2 లీటర్ల మంచినీళ్లు వాడుతూ మూడు నాలుగు విడతల్లో మిక్సీలో మెత్తగా రుబ్బండి. పచ్చి వాసన పడనివాళ్లు రుబ్బేటప్పుడు బాగా వేడి నీళ్లు పోయాలి. ఆ వాసన పుట్టించే ఎంజైము గింజ నలిగిన మరుక్షణం పని మొదలుపెడుతుంది, వేడి తగిలితే ఆగిపోతుంది. మిక్సీ జార్ సగం కంటే ఎక్కువ నింపొద్దు, వేడి నీటి ఆవిరికి మూత ఎగురుతుంది.

పల్చటి పంచె గుడ్డలో వడగట్టి గట్టిగా పిండండి. పాలు దళసరి అడుగున్న పెద్ద గిన్నెలో, సగానికి మించకుండా పోసి కాచండి. చాలామంది ఇక్కడే మోసపోతారు. సోయాపాలు మరగకముందే, దాదాపు 80 డిగ్రీల దగ్గరే, నురగ పొంగి పైకి వస్తుంది. అది చూసి పొంగు వచ్చిందని దించేస్తే పాలు పచ్చిగానే ఉంటాయి. పచ్చి సోయాలో ప్రోటీన్ అరగకుండా అడ్డుపడే పదార్థం ఉంటుంది, కడుపు ఉబ్బరం దానివల్లే. మంట తగ్గించి, నురగ అణిగాక, నిజంగా మరుగు వచ్చాక ఇంకో 10 నిమిషాలు అడుగు గీరుతూ కాచాలి.

స్టవ్ ఆపి, మూత తీసి 5 నిమిషాలు వదిలేయండి. 75 నుంచి 80 డిగ్రీలకు వస్తుంది. థర్మామీటర్ లేకపోతే, పైన మీగడ పొర కట్టడం మొదలైతే సమయం అయిందని లెక్క.

విరగ్గొట్టేది: నిమ్మరసం 45 మి.లీ. తీసుకుని 100 మి.లీ. నీళ్లు కలపండి. లేదా ఫుడ్ గ్రేడ్ మెగ్నీషియం క్లోరైడ్, అదే నిగారి, 5 నుంచి 6 గ్రాములు 100 మి.లీ. గోరువెచ్చని నీళ్లలో కరిగించండి. మూడు విడతలుగా పోయాలి. మొదటి విడతకే గరిటె తిప్పండి, తర్వాత పైపైన పోసి మూత పెట్టండి. 15 నిమిషాలకు గడ్డలు తేలి, కింద నీళ్లు లేత పసుపుగా తేటబడతాయి. నీళ్లు ఇంకా పాలలాగే ఉంటే ఇంకో రెండు చెంచాల ద్రావణం పోసి 5 నిమిషాలు ఆగండి.

చిల్లుల గిన్నెలో తడిగుడ్డ పరిచి, గడ్డను గరిటెతో ఎత్తి పోసి, గుడ్డ మడిచి, పైన పళ్లెం, దానిమీద ఒకటిన్నర కిలో బరువు. అరగంటకు మెత్తటి టోఫు, గంటసేపు 3 కిలోలు పెడితే కూరకు విరగని గట్టి టోఫు. 250 గ్రాములకు 350 నుంచి 400 గ్రాములు వస్తుంది. ఫ్రిజ్‌లో నీళ్లలో ముంచి, రోజూ నీళ్లు మారుస్తూ నాలుగైదు రోజులు ఉంచొచ్చు.

పొడిపొడిగా రాలిపోతే: ద్రావణం ఎక్కువైంది, లేదా ఎక్కువ కలిపారు. అసలు కట్టకపోతే: పాలు పల్చన, లేదా చల్లారాక పోశారు. చేదైతే నిగారి ఎక్కువ.

పుట్నాలపొడి:
సోయాపాలు గారు అంతా బాగా చెప్పారు. ఒక హెచ్చరిక చేరుస్తాను. టోఫుకు జిప్సం వాడతారని వీడియోల్లో చూసి హార్డ్‌వేర్ షాపులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కొనేవాళ్లున్నారు. వద్దు. ఎరువుల దుకాణంలో అమ్మే మెగ్నీషియం సల్ఫేట్ కూడా వద్దు, అది పొలానికి. మందుల షాపులో ఎప్సమ్ సాల్ట్ (అదీ మెగ్నీషియం సల్ఫేటే) డబ్బా మీద "ఐపీ" అని, అంటే మందుల ప్రమాణానికి తగినదని, ఉంటే అది సరే. ఏదీ దొరకకపోతే నిమ్మకాయ ఉండనే ఉంది, కాస్త పులుపు తగులుతుంది, కూరలో తెలియదు.

ఇక 30 గ్రాముల ప్రోటీన్. దీనికి టోఫు దాకా పోనక్కరలేదని నా ఉద్దేశం. మీల్ మేకర్ ప్రతి కిరాణా కొట్టులో ఉంటుంది, ఎండుగా తూచితే 100 గ్రాములకు 52 గ్రాముల ప్రోటీన్. 50 గ్రాములు రోజుకు చాలు, 26 గ్రాములు వచ్చినట్టే. కానీ నానాక తూచి 52 లెక్కేసుకుంటే తప్పు, నీళ్లు పీల్చి బరువు మూడింతలవుతుంది. మరిగే నీళ్లలో 5 నిమిషాలు వేసి, చల్లనీళ్లలో తీసి, రెండుసార్లు పిండితే ఆ వాసన చాలావరకు పోతుంది.

ఉత్తరాదివాళ్లు సత్తు అంటూ తాగేది మన దగ్గర దొరకదని కొందరు తెప్పించుకుంటారు. అది వేయించిన శనగల పిండి. పుట్నాలను మిక్సీలో పొడి చేస్తే దాదాపు అదే, పొట్టు ఒక్కటే తక్కువ. 40 గ్రాముల పొడి, 300 మి.లీ. పల్చటి మజ్జిగ, ఉప్పు, వేయించిన జీలకర్ర. 8 నుంచి 9 గ్రాములు పొడినుంచే వస్తాయి. ముందు కొంచెం మజ్జిగలో ముద్దగా కలిపి తర్వాత మిగతాది పోయాలి, లేకపోతే ఉండలు కడుతుంది. పరుగుకు అరగంట ముందు తాగితే కడుపులో బరువు, పరిగెత్తి వచ్చాక తాగండి.

గ్రీక్ యోగర్ట్ అంటే వడకట్టిన పెరుగు, అంతే. లీటరు గేదెపాల పెరుగు గుడ్డలో కట్టి ఫ్రిజ్‌లో 5 గంటలు వేలాడదీయండి, సగానికి దగ్గరగా మిగులుతుంది. బయట వేలాడదీస్తే సాయంత్రానికి నోట పెట్టలేనంత పులుపు. కారిన నీళ్లు చపాతీ పిండిలో పోయండి.

బాసర_రన్నర్:
@పుట్నాలపొడి మీల్ మేకర్ సంగతి మస్తు పనికొస్తది. పల్లీ బటర్ ఇంట్ల చేస్తే పొడే అవుతుంది, క్రీమ్ లెక్క కాదు. ఏం తప్పు?

పుట్నాలపొడి:
ముందే ఆపేస్తున్నారు. 500 గ్రాముల పల్లీలు సన్నమంట మీద 12 నుంచి 15 నిమిషాలు వేయించి, పొట్టు తీసి, గోరువెచ్చగా ఉండగానే మిక్సీలో వేయాలి. పూర్తిగా చల్లారితే నూనె వదలడం ఆలస్యం. మొదట పొడి అవుతుంది, తర్వాత ముద్దగా జార్ గోడకు అంటుకుంటుంది, ఆ తర్వాతే నూనె వదిలి జారుతుంది. ముద్ద దశ దగ్గర అందరూ నీళ్లు పోస్తారు. నీళ్లు చుక్క పడ్డా బిగుసుకుపోతుంది, పైగా నాలుగు రోజుల్లో చెడిపోతుంది. నిమిషం తిప్పి, రెండు నిమిషాలు మోటారు చల్లారనిచ్చి, గోడలు గీరి, మళ్లీ తిప్పండి. చట్నీ జార్‌లో, దానికి సగమే వేసి తిప్పాలి. పెద్ద జార్‌లో బ్లేడు కింద ఖాళీగా తిరుగుతుంది. అర చెంచా ఉప్పు చాలు.

వేయించకముందే ముడతలు పడ్డవి, నల్లబడ్డవి, బూజు పట్టినవి ఏరేయండి. వాటిలో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉంటుంది, వేయిస్తే పోదు. ఈ ఏరే పని విసుగే కానీ వదలొద్దు.

వెల్డింగ్_వీర:
పుల్-అప్ బార్ గురించి. ఇంటి దర్వాజాకు బిగించే రకం కొనొద్దు తమ్ముడూ. ఊళ్లల్ల ఇప్పుడు చాలావరకు సిమెంట్ దర్వాజాలు, అడ్డంగా ఒత్తిడి పడితే పగులుతాయి. బయట పాతుడే మంచిది.

జీఐ పైపు (జింకు పూత పూసిన ఇనుప పైపు) 20 అడుగుల లెంగ్త్ వస్తది. రెండు ఇంచుల పైపు ఒకటి తెచ్చి సగానికి కోస్తే 10 అడుగుల స్తంభాలు రెండు, వేస్టు లేదు. అడ్డం బారుకు ఒక ఇంచు పైపు, 4 అడుగులు. ఒక ఇంచు అని అడిగితే బయటి వ్యాసం 33.7 మి.మీ. వస్తది, పిడికిలికి సరిపోతది. ఒకటిన్నర ఇంచు తీసుకుంటే చేతికి పట్టు దొరకదు. "బి క్లాస్" అని అడగాలె, గోడ మందం 3.2 మి.మీ. ఉంటది. ఏ క్లాస్ 2.6 మాత్రమే, 4 అడుగుల దూరానికి ఇద్దరు వేలాడితే వంగుతది.

టీలు, ఎల్బోలు పెట్టి మర పైపులతో బిగించొద్దు. వేలాడి ఊగితే మర తిరిగి ఊడుతది. వెల్డింగే చేయాలె. చేసే చోట జింకు పూత గ్రైండర్‌తో తీసేయాలె, పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తది. గాలి తగిలేచోట, పొగ మీదికి రాకుండా గాలి వచ్చే వైపు నిలబడి చేయండి. తర్వాత అక్కడ జింక్ పెయింట్ వేస్తే తుప్పు పట్టదు. బారుకు మాత్రం పెయింట్ వేయొద్దు, చెమటకు జారుతది.

గుంత: మామూలు నేలల ఒక అడుగు చదరం, రెండు అడుగుల లోతు, 1:2:4 కాంక్రీటు (సిమెంట్, ఇసుక, కంకర). మీది నల్లరేగడి, అది ఎండకు నెర్రెలు బారి స్తంభాన్ని వదులు చేస్తది. 3 అడుగులు తవ్వి, అడుగున ఆరు ఇంచుల మొరం దిమ్మిస చేసి, స్తంభం దానిమీద నిలబెట్టి పోయండి. అప్పుడు బారు ఏడున్నర అడుగుల ఎత్తుల ఉంటది. ఎత్తు చాలకుంటే మోకాళ్లు మడిచి చేసుకోవచ్చు, స్తంభం ఊగుడు కంటే అది నయం. వారం రోజులు నీళ్లు కొట్టినంక వేలాడండి, మూడో రోజే ఎక్కితే సందు పడుతది, తర్వాత ఎంత సిమెంట్ నింపినా పోదు.

ఒక్క పుల్-అప్ కూడా రానోళ్లకు సైకిల్ షాపుల పాత ట్యూబు అడగండి. 28 ఇంచుల ట్యూబు లూపును బారు మీంచి వేసి, అదే లూపులోంచి దూర్చి లాగితే ఉచ్చు పడుతది, కింద లూపుల మోకాలు పెట్టాలె. ప్యాచ్ వేసిన ట్యూబు వద్దు, ప్యాచ్ అంచు దగ్గరే తెగుతది, మొఖానికి తగులుతది. వాడే ముందు సాగదీసి చూస్తే సన్న పగుళ్లు కనబడుతయి.

గుండు_ఇరుసు:
బరువుల గురించి ఎవరూ అడగలేదు గానీ, కెటిల్‌బెల్ (పిడి ఉన్న ఇనుప గుండు) దొరకదని ఇక్కడ వారానికొకరు రాస్తుంటారు, అందుకే చెబుతున్నా. జాతరల్లో గుండు ఎత్తే, ఇరుసు ఎత్తే పోటీలు పెట్టే నేల మనది. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన వీరఘట్టంలో ఆనాడు ఏ కెటిల్‌బెల్ ఉంది? ఐతే కొత్తవాళ్లు నేరుగా గుండు మీదికి పోకూడదు. గుండుకు పట్టు ఉండదు, నడుము వంచి లాగేస్తారు.

ఇసుక సంచితో మొదలుపెట్టండి. ఇసుక జల్లించి, రెండు రోజులు ఎండబెట్టాలి. తడి ఇసుక బరువు ప్రతిరోజూ మారుతుంది, లోపల బూజు కూడా. ఎండు ఇసుక లీటరుకు సుమారు 1.6 కిలోలు, కాబట్టి 20 కిలోలకు 12 లీటర్ల చిల్లర. 5 కిలోల చొప్పున మందపాటి పాలిథిన్ కవర్లలో పోసి, ఒకదానికి రెండు కవర్లు తొడిగి టేపు చుట్టండి. బరువు పెంచాలంటే ఒక కవరు కలిపితే సరి. పై సంచి యూరియా బస్తా అయితే జారుతుంది, చర్మానికీ మంచిది కాదు. లారీ టార్పాలిన్ కుట్టేవాళ్లకు చెబితే కాన్వాస్ గుడ్డతో, పక్కల రెండు పట్టీలతో కుట్టిస్తారు. పట్టీని సంచి అంచుకు కాకుండా అడుగు కింది నుంచి చుట్టు తిప్పి కుట్టమనండి, అంచుకు కుడితే వారంలో ఊడుతుంది. సంచిని నిండుగా కుక్కొద్దు, ఐదో వంతు ఖాళీ వదిలితే చేతికి ఒదుగుతుంది.

నడకకు రెండు చేతుల్లో 20 లీటర్ల వాటర్ క్యాన్లు. నిండు క్యానే పట్టాలి. సగం నీళ్లుంటే అటూ ఇటూ కొట్టి మణికట్టు లాగుతుంది.

పీఈటీ_మాస్టర్:
ట్రాక్ ప్రశ్నకు వస్తాను. 2022 తెలంగాణ నోటిఫికేషన్ ప్రకారం పురుషులకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో. లాంగ్ జంప్ పురుషులకు 4 మీటర్లు, 7.26 కిలోల షాట్ పుట్ 6 మీటర్లు. కొత్త నోటిఫికేషన్ వస్తే దాన్నే చూసుకోండి.

హైస్కూల్ గ్రౌండ్‌లో 400 మీటర్ల ట్రాక్ పట్టదు. 200 మీటర్లది వేయండి, 90 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు ఉంటే రెండు లేన్లు పడతాయి, ఎకరం లోపే. 1600 మీటర్లకు 8 చుట్లు, ఒక్కో చుట్టు 54 సెకన్లలో పూర్తయితే 7:15 లోపు వస్తారు.

లెక్క ఇది. రెండు తిన్నని భాగాలు 50 మీటర్ల చొప్పున, రెండు వంపులు 50 మీటర్ల చొప్పున. 50 మీటర్ల అర్ధవృత్తానికి వ్యాసార్ధం 15.92 మీటర్లు. కానీ గీత మీద ఎవరూ పరిగెత్తరు. సున్నం గీత మాత్రమే ఉన్న ట్రాక్‌లో దూరాన్ని గీతకు 20 సెం.మీ. బయట కొలవాలి. అందుకే గీత గీసే వ్యాసార్ధం 15.72. ఈ 20 సెం.మీ. వదిలేసి 15.92 దగ్గరే గీత గీస్తే చుట్టుకు 1.26 మీటర్లు, మొత్తం మీద 10 మీటర్లు అదనంగా పరిగెత్తిస్తారు. పిల్లలు నిష్కారణంగా ఫెయిల్ అనుకుంటారు.

వేసే విధానం: గ్రౌండ్ మధ్యలో పొడవు దిక్కుకు 50 మీటర్ల దూరంలో రెండు ఇనుప మేకులు పాతండి, అవే వంపుల కేంద్రాలు. ఒక్కో మేకు దగ్గర రెండు మేకులను కలిపే గీతకు లంబం వేయాలి, 6-8-10 మీటర్ల త్రిభుజంతో. 3-4-5 తో వేస్తే చిన్న తప్పు చివర్లో పెద్దదవుతుంది. ఆ లంబాల మీద రెండు వైపులా 15.72 మీటర్లు కొలిచి గుర్తు పెడితే నాలుగు మూలలు వస్తాయి. ఆ దీర్ఘచతురస్రం కర్ణాలు రెండూ 59.06 మీటర్లు ఉండాలి, అటూ ఇటూ 5 సెం.మీ. మించి తేడా ఉంటే లంబం తప్పింది, మళ్లీ వేయండి. తర్వాత మేకుకు తాడు కట్టి వంపు గీయాలి. నైలాన్ తాడు వద్దు, లాగినకొద్దీ సాగుతుంది. 10 సెం.మీ. సాగినా చుట్టుకు 63 సెం.మీ. తప్పు. సర్వే టేపు గానీ, బైండింగ్ వైరు గానీ వాడండి. రెండో లేన్ గీత 1.22 మీటర్ల బయట. 1600 పరుగు మొత్తం లోపలి లేన్‌లోనే పెట్టండి.

లాంగ్ జంప్ గుంత 6 మీటర్ల పొడవు, 2.75 వెడల్పు, అడుగు లోతు చాలు. సుమారు 175 ఘనపుటడుగుల ఇసుక పడుతుంది, రెండు ట్రాక్టర్లకు దగ్గర. ప్రతి జంపుకూ ముందు పారతో తిరగేయాలి. గట్టిపడిన ఇసుక మీద పడితే మడమ పోతుంది.

బాసర_రన్నర్:
మాస్టరు గారూ దండం. గ్రౌండ్ ఒక పక్కకు వాలు ఉంది, వానకు ఆ పక్క నీళ్లు నిలుస్తయి. కొలత మారుతదా?

పీఈటీ_మాస్టర్:
టేపు నేలకు ఆనించకుండా మట్టంగా పట్టి కొలవండి. ఎత్తున్న పక్క నేలకు, వాలున్న పక్క టేపు పైకెత్తి తూకం గుండు వేలాడదీస్తే సరి. దూరం కంటే నీళ్లే సమస్య. తిన్నని భాగాన్ని ఎత్తున్న వైపు వచ్చేట్టు జరపండి, నీళ్లు నిలిచే వైపు వంపు పడకూడదు, జారి చీలమండలు మడత పడతాయి. నల్లరేగడి మీద రెండు ఇంచుల మొరం పోసి రోలర్ తిప్పాకే సున్నం. లేకపోతే మొదటి వానకే గీత మాయం. పాతిన మేకులు మాత్రం నేలకు రెండు ఇంచుల లోతులో దిగగొట్టి వదిలేయండి, మళ్లీ గీయడానికి కేంద్రాలు వెతుక్కోనక్కరలేదు.

తెలంగాణ_టెంపే:
సోయా ఉన్నచోటే ఉన్నారు కాబట్టి టెంపే కూడా చూడండి, అంటే ఉడికిన సోయా గింజలను తినదగిన బూజుతో గట్టి బిళ్లగా కట్టించడం. ఆ బూజును మొదలుపెట్టే స్టార్టర్ పొడి మాత్రం కొరియర్‌లో తెప్పించాల్సిందే, పొడి కాబట్టి దారిలో చెడదు. 250 గ్రాముల సోయా నానబెట్టి, చేత్తో నలిపి పొట్టు తీసి, రెండు చెంచాల వెనిగర్ వేసి 40 నిమిషాలు ఉడికించండి. వార్చి, గుడ్డ మీద పైతడి పూర్తిగా ఆరాలి, తడి మిగిలితే బూజు కాదు కుళ్లు పడుతుంది. ఒంటి వేడికి చల్లారాక ప్యాకెట్ మీద చెప్పినంత పొడి కలిపి, సూదితో సెంటీమీటరున్నరకో చిల్లు పొడిచిన కవర్లో ఒక ఇంచు మందాన పరవండి. 30 నుంచి 32 డిగ్రీల్లో 24 నుంచి 36 గంటలు. సెప్టెంబరు, అక్టోబరులో మన ఇంట్లో వేడే సరిపోతుంది. 12 గంటలు దాటాక అది తనంతట తనే వేడెక్కుతుంది, కవర్లు ఒకదానిమీద ఒకటి పేర్చొద్దు. మే నెలలో చేయకండి. చిల్లుల దగ్గర నల్ల మచ్చలు వస్తే ఫరవాలేదు. గులాబీ, నారింజ రంగు, జిగురు, ముక్కు పగిలే అమ్మోనియా వాసన వస్తే పారేయండి.

బాసర_రన్నర్:
టోఫు పిండినంక మిగిలిన పిప్పి బర్రెలకు వేస్తున్నం. తినొచ్చా?

సోయాపాలు:
తినొచ్చు, కానీ మీరు పచ్చి పాలు వడగట్టి తర్వాత కాస్తున్నారు కదా, అందుకే ఆ పిప్పి పచ్చిదే. ముందు కొంచెం నీళ్లు పోసి 15 నిమిషాలు ఉడికించాలి. తర్వాత గారెల పిండిలో నాలుగో వంతు, చపాతీ పిండిలో ఐదో వంతు దాకా కలపొచ్చు, అంతకు మించితే గారె నూనెలో విడిపోతుంది. వడగట్టిన గంటలోపే వండండి లేదా ఫ్రిజ్‌లో పెట్టండి, పాలకంటే ముందు పులిసేది పిప్పే.

మోడరేటర్:
స్టార్టర్, నిగారి అమ్మే లింకులు ఇక్కడ పెట్టొద్దు, కొనుగోళ్ల విభాగంలో పెట్టండి. బావిలో ఈత గురించి వచ్చిన ప్రశ్నను వేరే చర్చగా విడదీశాం. క్వారీ గుంతల్లో నేర్పుతామన్న పోస్టు తీసేశాం: వాటికి లోతు తక్కువ ఉండే అంచు ఉండదు, రాయి నిటారుగా దిగుతుంది, పట్టుకోవడానికి ఏమీ దొరకదు.